పేరు మూసిన కాగితం

కోటు చంకల దగ్గర పట్టేసింది. అద్దెకిచ్చినవాడు కొలత తీసుకుంటూ “భుజాలు కాస్త విశాలమండీ” అని మర్యాదగానే అన్నాడు. ఇరవయ్యారేళ్ళు సముద్రపు బురదలో గొట్టాలు దింపి లాగిన భుజాలకు సరిపడా తోకకోటు ఏ దర్జీ కుడతాడు? హిల్కె ఓకింగ రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకిలా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆ గదికి విశ్వవిద్యాలయంలో చెమట గది అని పేరు. డాక్టరేటు పరీక్షకు పిలుపు వచ్చేదాకా అభ్యర్థి కూర్చోవలసింది అక్కడే. ఆ రోజు చెమట సెనాయిత్‌ది. అమ్మానాన్నలు ఎరిట్రియా నుంచి వచ్చి లేవార్డన్‌లో కాపురం పెట్టాక పుట్టిన పిల్ల. ఆమె అక్కడి స్థానిక భాష ఫ్రీజియన్ మాట్లాడితే హిల్కె తల్లి కూడా వంక పెట్టలేకపోయింది. పెళ్ళికొడుక్కి తోడు పెళ్ళికొడుకు ఉన్నట్టు, ఇక్కడ డాక్టరేటు అభ్యర్థికి ఇద్దరు తోడుమనుషులు ఉండాలి. తోకకోట్లు తొడుక్కుని చెరో పక్కా బొమ్మల్లా నిలబడాలి. ఒక పక్కకు సెనాయిత్ తన తమ్ముణ్ణి పెట్టుకుంది. రెండో పక్కకు, డజనుమంది స్నేహితులు ఉండగా, పదిహేనో ఏట బడి మానేసిన హిల్కెని పెట్టుకుంది.

“బాబాయ్, ఊపిరి పీల్చుకో. పరీక్ష నాకు, నీక్కాదు.”

“పీలిస్తే గుండీ తెగుద్ది. అద్దె కోటు.”

తలుపు తట్టకుండానే ప్రొఫెసర్ వియార్డ లోపలికి వచ్చింది. నాలుగేళ్ళు సెనాయిత్‌కి దారి చూపించిన గురువు ఆవిడే. నల్లగౌను అప్పటికే వేసుకుంది, టోపీ చేతిలో ఉంది.

“బ్రాంట్స్మ వచ్చాడు. కాఫీ తాగుతున్నాడు. మంచిగానే ఉన్నాడు,” అంది. “చివరిమాటగా చెప్పమన్నాడు. ఆ పేరు సంగతి ఒక్కటి సర్దుకుంటే వ్యాసం జూన్ సంచికలో వేస్తాడంట. ఒకటో తారీఖున నీ ఉద్యోగం కాగితం మీద సంతకం పెడతాడంట.”

“రెండూ ఒకే కప్పు కాఫీలో కలిపి చెప్పాడా మేడమ్?”

“వెటకారం వద్దు సెనాయిత్. ఆ ఏడో ప్రతిపాదన కూడా. ఎవరూ ఎత్తకపోతే నువ్వూ ఎత్తకు. అంతే.” ఆవిడ హిల్కెని, అద్దె కోటుని ఒకసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

పేరు సంగతి అంటే హిల్కె పేరు సంగతి.

వాడెన్ తీరపు బురదనేలల్లో వేలి గోరంత గులాబీరంగు గుల్లలు ఉంటాయి. అవి ఏటేటా తగ్గిపోతున్నాయని లోకానికి మొదట చెప్పినవాడు ప్రొఫెసర్ బ్రాంట్స్మ. ఆ మాట మీదే ఆయనకు పేరు వచ్చింది, సంస్థ వచ్చింది, తన రంగంలోకెల్లా పెద్ద పత్రికకు సంపాదకత్వం వచ్చింది. ఆయన లెక్కలకు బురద తవ్వి పెట్టినవాళ్ళలో హిల్కె ఒకడు. తవ్వే గొట్టం బెత్తెడు. అందరూ వాడేది అదే, పుస్తకంలో రాసిందీ అదే. ఒక చలికాలం గొట్టం విరిగి, చేతికి దొరికిన పొడుగాటి కాలవ గొట్టం ముక్క దింపేసరికి, జానెడు లోతున గుల్లలు కుప్పలుగా వచ్చాయి. చలికి అవి చావడం లేదు, కిందికి దిగి పడుకుంటున్నాయి. హిల్కె ఆ సంగతి తను పనిచేసే సముద్ర పరిశోధన స్టేషన్‌లో చెప్పాడు. చెపితే ఎవరు వింటారు? గొట్టం కడిగేవాడు గొట్టం గురించి చెప్పడమేమిటి? హిల్కె మాత్రం తొమ్మిది చలికాలాలు రెండు గొట్టాలూ పక్కపక్కనే దింపి, రెండు నోటు పుస్తకాల్లో రాసి పెట్టుకున్నాడు.

ఆ పుస్తకాలు మొదట పూర్తిగా చదివింది, పరిశోధన కోసం ఆ స్టేషన్‌కి వచ్చిన సెనాయిత్. చదివి, “దీన్ని వ్యాసం చేద్దాం బాబాయ్, నీ పేరు ముందు, నాది వెనక” అంది. రాసేటప్పుడు ఆమె ఇంగ్లీషు ఆమెది, ఆయన మొండితనం ఆయనది. హిల్కెకి చదువు లేదు కనుక స్టేషన్ పేరు వ్యాసం మీద వేసుకోనివ్వలేదు. పేరు కింద హార్లింగన్‌లోని ఇంటి చిరునామా వేశారు. రెండు రోజుల్లో వ్యాసం తిరిగొచ్చింది. వ్యాసం చదివి మంచిచెడ్డలు తేల్చే పరీక్షకులెవరికీ పంపనేలేదు. రచయితకు ఈ రంగంలోని రచనలతో పరిచయం ఉన్నట్టు కనబడదని రాసి బ్రాంట్స్మ సంతకం పెట్టాడు. వ్యాసంలో ఉటంకించిన రచనల్లో పదకొండు ఆయనవే.

తర్వాత పత్రికకు కొత్త నియమం వచ్చింది. కుర్రశాస్త్రవేత్తలు గోల పెట్టగా పెట్టగా, పేర్లు మూసి చదవాలని తీర్మానించారు. పరీక్షకులకే కాదు, నిర్ణయం అయ్యేదాకా సంపాదకుడికి కూడా పేరు కనబడదు. ఈ ఘనకార్యం గురించి బ్రాంట్స్మ మూడు దేశాల్లో ఉపన్యాసాలిచ్చాడు. సెనాయిత్ అదే వ్యాసాన్ని, కామా కూడా మార్చకుండా, పేర్లు తీసేసి మళ్ళీ పంపింది.

పదకొండు వారాలకు జవాబు వచ్చింది. పరీక్షకులిద్దరూ మెచ్చుకున్నారు. ఒకాయనైతే, బురద గురించి ఇంత తెలిసినవాడు ఏళ్ళతరబడి పెద్ద సంస్థ నడిపినవాడే అయ్యుండాలి, నేననుకున్న జర్మన్ ప్రొఫెసరే అయితే నా నమస్కారాలు అని రాశాడు. మొదటిసారి చిరునామా దగ్గరే ఆగిపోయిన బ్రాంట్స్మ, అది తను తిప్పి పంపిందేనని పోల్చుకోలేక, తన మాట తను చేర్చాడు. ఇది నా లెక్కలనే తప్పుపడుతోంది, అయినా అరుదైన పని, ఈ రచయిత ఎవరైనా సరే మా శరదృతువు సదస్సులో తొలి ఉపన్యాసం ఇవ్వాలి అని. అది ఫిబ్రవరి తొమ్మిది. ఆ తర్వాత పేరు తెరిచారు. పదమూడో తారీఖున రెండో ఉత్తరం. రచయితల వరుసపై స్పష్టత కావాలి, సాంకేతిక సహాయకులకు వ్యాసం చివర కృతజ్ఞతలు చెప్పడం ఆనవాయితీ అని. తొలి ఉపన్యాసం ఊసు లేదు.

హిల్కె పేరు అప్పటికే నలభైమూడు వ్యాసాల చివర కృతజ్ఞతల్లో ఉంది. తొమ్మిదింటిలో పేరే తప్పు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత బురద తవ్వేవాళ్ళ కోసమే పుట్టిందని ఆయన నమ్మకం.

“అమ్మాయ్,” అన్నాడు ఇప్పుడు, కిటికీ వైపే చూస్తూ. “నన్ను తోకలో పెట్టెయ్. నలభైనాలుగోది అవుద్ది. పేరేం చేసుకుంటాను, గోడకి కొట్టుకుంటానా? నీకు ఉద్యోగం ముఖ్యం.”

“నువ్వు త్యాగం చేస్తే నేను సంబరపడాలా?”

“త్యాగం కాదే. విసుగు.”

“విసుగైతే ఇంటికెళ్ళి పడుకో. తోకలో మాత్రం పెట్టను.”

ఇంతలో బయట గంటలు మోగాయి. దండధారి ఆఫ్కె తలుపు తీసింది. వెండి గుబ్బ, చిన్న గంటలు ఉన్న దండం పట్టుకుని అభ్యర్థుల్ని సభకు నడిపించే ఉద్యోగం ఆవిడది, ముప్ఫై ఏళ్ళుగా. “పదండి,” అంది. “మీరు కొంచెం వంగి నడవండి ఓకింగగారూ, వెనక కుట్టు పిగిలింది.”

సభ నిండుగా ఉంది. అందరి చేతుల్లోనూ సెనాయిత్ అచ్చు వేయించిన సిద్ధాంత గ్రంథం, అందులో విడిగా పెట్టిన ప్రతిపాదనల కాగితం. పరిశోధన గురించీ లోకం గురించీ అభ్యర్థి నిలబడి వాదించగలిగిన మాటలు పదో పన్నెండో దాని మీద ఉండాలి. పెద్దలు వాటిలో ఏదైనా ఎత్తి ప్రశ్నించవచ్చు. ఎక్కువగా ఎవరూ ఎత్తరు. గోడల మీద చచ్చిపోయిన ప్రొఫెసర్లు, బల్ల వెనక బతికున్న ప్రొఫెసర్లు, అందరికీ ఒకటే గౌను.

అక్కడ పిలుపులకు కూడా పద్ధతి ఉంది. ప్రొఫెసరు ప్రశ్నిస్తే మహాపండిత ప్రశ్నకర్తగారూ అనాలి. ఉత్త డాక్టరయితే పండిత ప్రశ్నకర్తగారూ అంటే చాలు. అరగంట పాటు పండితులూ మహాపండితులూ అడిగారు, సెనాయిత్ తడబడకుండా చెప్పింది. హిల్కెకి మోకాళ్ళు లాగుతున్నాయి.

చివరగా బ్రాంట్స్మ టోపీ సర్దుకున్నాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం తియ్యన.

“అభ్యర్థినిగారూ, మీ ఏడో ప్రతిపాదన చదివి నవ్వుకున్నాను. దాన్ని మీ తోడుమనిషి నోట వినాలని ఉంది. కుడిపక్కనున్న ఆయన. మా గొట్టాలు శుభ్రంగా ఉండేది ఈయన చలవే అనుకుంటాను.”

సభలో సన్నగా నవ్వు. తోడుమనుషుల చేత ప్రతిపాదన చదివించడం అక్కడ మామూలు వేడుకే, కాస్త గాలి ఆడుతుందని. హిల్కె కాగితం తీసుకున్నాడు.

“ఏడు. పేరు మూసి చదివితే బురద కనిపిస్తుంది. పేరు తెరిచి చదివితే చిరునామా కనిపిస్తుంది.”

“చక్కగా చదివారు,” అన్నాడు బ్రాంట్స్మ. “ఇప్పుడు అభ్యర్థిని చెప్పాలి. ఇది శాస్త్రమా, ఎవరి మీదైనా ఏడుపా?”

సెనాయిత్ ఒకసారి హిల్కె వైపు చూసింది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

“మహాపండిత ప్రశ్నకర్తగారూ, దీనికి జవాబు నాకంటే నా తోడుమనిషికి బాగా తెలుసు. ఆయన చెబుతారు.”

అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టాడు. “అది కుదరదమ్మా. తోడుమనుషులు చదవడం వరకే.”

“కుదురుతుందండీ.” తలుపు దగ్గర్నుంచి ఆఫ్కె. ఆవిడ సభలో మాట్లాడటం ముప్ఫై ఏళ్ళలో ఎవరూ వినలేదు. “నియమం పద్నాలుగు. అభ్యర్థి కోరితే తోడుమనిషి జవాబు ఇవ్వచ్చు. ఎవరూ కోరరు కాబట్టి మర్చిపోయాం. కొట్టెయ్యలేదు.”

పెద్దాయన పుస్తకం తిరగేశాడు. వేలు పెట్టి చదువుకున్నాడు. “ఉంది,” అన్నాడు, నోట్లో రాయి పడ్డవాడిలా.

హిల్కె సెనాయిత్ వైపు తిరిగి పళ్ళ మధ్య నుంచి అన్నాడు. “పిచ్చెక్కిందా? నీ ఉద్యోగం.”

“ఉద్యోగం నాది బాబాయ్. నోరు నీది. ఏడుపని చెప్పాలనిపిస్తే ఏడుపనే చెప్పు, నేనేం అనను.”

ఏడుపని చెప్పడం తేలిక. రెండు మాటలు, ఒక నవ్వు, అందరూ కాఫీకి పోవచ్చు. ఇరవయ్యారేళ్ళుగా ఆయన చేసింది అదే. ప్రొఫెసర్ల జోకులకు నవ్వాడు, పేరు తప్పు వేసినా పరవాలేదన్నాడు, పడవలో వాళ్ళకు పొడి చోటు వదిలి తను తడిలో కూర్చున్నాడు. చెప్పేద్దామనే నోరు తెరిచాడు. ఎదురుగా బ్రాంట్స్మ తల ఒక పక్కకు వంచి, పిల్లాడి పద్యం వినబోయే పెద్దమనిషిలా చిరునవ్వుతో చూస్తున్నాడు. ఆ చిరునవ్వు లేకపోతే కథ వేరుగా ఉండేదేమో.

“మహాపండిత ప్రశ్నకర్తగారూ,” అన్నాడు హిల్కె. “తమర్ని ఎలా పిలవాలో నాకు నేర్పారు. నన్నెలా పిలవాలో తమకి ఎవరూ నేర్పలేదు. చదువులేనోడికి ఆ పుస్తకంలో పిలుపు లేదంట. పర్లేదు, హిల్కె అనండి.”

ఎవరో పెద్దగానే నవ్వారు.

“శాస్త్రమా ఏడుపా అన్నారు. నాకొచ్చిన రెండు ఉత్తరాలు చెప్తాను, తమరే తేల్చండి.”

కాగితం చూడకుండా చెప్పాడు. ఎన్నిసార్లు చదువుకున్నాడో, కామాలతో సహా వచ్చేశాయి. అరుదైన పని. ఎవరైనా సరే. తొలి ఉపన్యాసం. ఫిబ్రవరి తొమ్మిది. వరుసపై స్పష్టత. కృతజ్ఞతలు. ఆనవాయితీ. ఫిబ్రవరి పదమూడు.

“రెంటి మధ్య నాలుగు రోజులు. గుల్లలేం మారలేదు. నాలుగు రోజుల్లో గుల్ల ఏ పనీ చెయ్యదు, నాకు తెలుసు. తొమ్మిదో తారీఖున ఉత్తరం రాసినాయన గొప్పోడండీ. తన లెక్క తప్పని తెలిసి కూడా మెచ్చుకున్నాడు. ఆయనకి టోపీ తీస్తాను. పదమూడో తారీఖున రాసినాయనెవరో నాకు తెలీదు. తమకి తెలుసా?”

నవ్వు ఆగిపోయింది. వియార్డ తల దించుకుని గౌను మీద లేని నూలుపోగు ఏరుతోంది.

“సంపాదకుడి ఉత్తరాలు గోప్యం,” అన్నాడు బ్రాంట్స్మ. తియ్యదనం కొంచెం తగ్గింది.

“నాకు రాసిన ఉత్తరం నా దగ్గరే గోప్యమెట్టా అవుద్దండీ?”

“సరే, వినండి. రచయిత అంటే తవ్వినవాడు కాదు. అంకెకు అర్థం చెప్పగలిగినవాడు. ప్రశ్న వస్తే నిలబడగలిగినవాడు. అడగమంటారా?”

“అడగండి.”

“పదమూడేళ్ళ క్రితం ఫిబ్రవరి. నా పట్టికలో ఆ నెల గుల్లలు సున్నా. ఒక్కటి లేదు. మీ పొడుగు గొట్టం సిద్ధాంతం ప్రకారం పైపొరలో తగ్గాలి గానీ అసలు లేకుండా పోవు. దానికేమంటారు?”

మంచి ప్రశ్న. సభలో సగంమంది ముందుకు వంగారు. సెనాయిత్ ముఖం పాలిపోయింది. ఆ నెల గురించి ఆమెకు తెలియదు. హిల్కెకి తెలుసు. ఆయనకు మొట్టమొదటిసారి ఆ మనిషి మీద జాలి కలిగింది.

“ఆ నెల మంచు కట్టిందండీ. పడవ రేవు దాటలేదు. మేమెవరమూ బురదలోకి పోలేదు. పోని రోజున నేను పుస్తకంలో గీత గీస్తాను. అడ్డగీత. తమ ఆఫీసులో ఎవరో ఆ గీతని సున్నాగా ఎక్కించారు. పోకపోవడం వేరు, లేకపోవడం వేరు కదండీ. తమ పట్టికలో అట్టాంటి సున్నాలు ఆరున్నాయి. నేను అప్పుడే చెప్పాను. ఆ ఏడాది వ్యాసంలో నాకు కృతజ్ఞతలు చెప్పారు.”

బ్రాంట్స్మ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. టోపీ మళ్ళీ సర్దుకుని, “అది నిరూపించాలంటే మూల పుస్తకాలు—” అని మొదలుపెట్టాడు. ఆఫ్కె దండం నేలకు కొట్టింది. గంటలు గలగలలాడాయి. సమయమైందని లాటిన్‌లో ఒక్క కేక. ముప్పావుగంట పూర్తయితే రాజైనా నోరు మూయాలి, అది అక్కడి కట్టడి. వాక్యం సగంలోనే ఉండిపోయింది.

పెద్దలు లోపలికి పోయి ఇరవై నిమిషాలు కూర్చున్నారు. ఇలాంటప్పుడు పది చాలు. బయటికి వచ్చి సెనాయిత్ చేతిలో పట్టా పెట్టారు. దాని మీద అందరి సంతకాలూ ఉన్నాయి. ఒకటి కాస్త వణికింది.

తర్వాత విందు. విందంటే చీజ్ ముక్కలు, ఆవాల ముద్ద, గోరువెచ్చని వైన్, వరసలో నిలబడి అభినందనలు. డాక్టరుకే కాదు, తల్లికి, తండ్రికి, తమ్ముడికి, పక్కన ఎవరుంటే వాళ్ళకి చెయ్యి కలిపి పోవాలి. బ్రాంట్స్మ కూడా వరసలోనే వచ్చాడు. సెనాయిత్‌కి చెయ్యి అందించి, గొంతు తగ్గించాడు.

“ఒక మధ్యేమార్గం ఉంది. మీ పేరు ముందు. ఆయనది రెండోది, నక్షత్రం గుర్తు పెట్టి, ఇద్దరి పాత్రా సమానమని కింద రాద్దాం. జూన్ సంచికకు ఇంకా వేళ ఉంది. ఉద్యోగం సంగతి నేను మర్చిపోలేదు.”

తోకలోంచి రెండో స్థానానికి. నక్షత్రంతో సహా. నెల క్రితమైతే హిల్కె ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పుకుని ఉండేవాడు. ఆయన సెనాయిత్ వైపు చూశాడు. ఆమె నీ నోరు నీది అన్నట్టే చీజ్ నములుతోంది.

“వద్దండీ,” అన్నాడు. “పేరు ఎక్కడుందో అక్కడే ఉంటది. మీరు వెయ్యకపోతే వెనక్కి తీసుకుంటాం. రెండు ఉత్తరాలూ జతచేసి, అందరూ చదివేచోట పెడతాం. మా ఇంటి చిరునామాతోనే.”

“ఆమె భవిష్యత్తు ఆలోచించారా?”

“ఆ ఉద్యోగం ఎవరికైనా ఇచ్చుకోండి సార్,” అంది సెనాయిత్. చీజ్ పళ్ళెం పక్కన పెట్టింది. రెండేళ్ళ జీతం, సొంత ప్రయోగశాల, అమ్మకు చెప్పిన మాట, అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. “నేను ఇంకోచోట అడుక్కుంటాను.”

“ఈ రంగంలో నన్ను దాటి ఎక్కడికీ పోలేరమ్మా. బెదిరింపు కాదు. రంగం చిన్నది.”

“చిన్నదే కదండీ,” అన్నాడు హిల్కె. అద్దె కోటు చంక దగ్గర చిరిగిపోయి చొక్కా కనబడుతోంది, దాచుకోలేదు. “మేం మానం. మళ్ళీ రాస్తాం, తమ పత్రికకే పంపుతాం. పేర్లు మూసి చదివే నియమం తమరే పెట్టారు, మూడు దేశాల్లో చాటారు, ఇక తీసెయ్యలేరు. అంచేత రేపట్నుంచి తమ బల్ల మీదకి ఏ కాగితం వచ్చినా అది నాదేమో అని అనుమానం ఉంటది. మెచ్చుకుంటే నాదేమో. తిప్పి పంపితే నాదేమో, ఉత్తరం మళ్ళీ సభలో చదువుతానేమో. అంటే ఇక ప్రతిదీ మొదట్నుంచి చివరిదాకా చదవాల్సిందే తమరు. ఒక్క పేజీ వదలకుండా.”

బ్రాంట్స్మ వరసకు అడ్డంగానే నిలబడి ఉన్నాడు. వెనక వరస పెరిగిపోతోంది. ఆయన వెనకున్నది సెనాయిత్ తల్లి తరఫు ముసలావిడ, తెల్ల ముసుగు వేసుకుని ఉంది. ఎవరు ప్రొఫెసరో ఎవరు కాదో ఆవిడకు తెలియదు. ఆయన్ని మోచేత్తో మెత్తగా పక్కకు తోసి, హిల్కె చేతులు రెండూ పట్టుకుని అభినందనలు చెప్పింది.